మూలనున్న మెషీన్‌కి బొట్టు

ఏడాది కిందట ఆపేసి స్టోర్ రూమ్ మూలకి నెట్టేసిన పాత మెయిల్ సర్వర్ మీద చెయ్యి వేసిన ప్రవీణ, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది: అది వెచ్చగా ఉంది.

కాలేంత వేడి కాదు. కానీ ఏడాదిగా ఎవరూ ముట్టుకోని యంత్రానికి ఉండాల్సిన ఒళ్లు కాదది. గదికి కిటికీ లేదు, ఎండ తగిలే దారే లేదు. దాని మీద చాపలు, దుప్పట్లు, దిండ్లు గుట్టగా పడి ఉన్నాయి. అవన్నీ తప్పిస్తే గానీ అక్కడో మెషీన్ ఉందన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాదు. పొద్దుటి నుంచీ ఆపకుండా పనిచేసి, ఇప్పుడే కరెంటు పోయి ఆగినట్టుంది దాని వాలకం.

సెల్‌ఫోన్ టార్చి వేసి వెనక్కి వంగి చూసింది. పవర్ వైరు గోడ ప్లగ్గులో ఉంది. దాని పక్కనే నీలం రంగు నెట్‌వర్క్ వైరు. అది కూడా గోడలోకే వెళ్తోంది.

"పనికిరాని దానికి ఈ వైర్లన్నీ ఎందుకూ?" పైకే అనేసింది.

టార్చి వెలుగు మెషీన్ ముందు వైపు పడింది. నల్లటి రేకు మీద గంధం చుక్క, దాని మీద కుంకుమ. ప్రవీణ చూసింది. కానీ అప్పుడున్న గందరగోళంలో అది ఆమె బుర్రలోకి ఎక్కలేదు.

ఆ గందరగోళం ఈ రోజుది కాదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు, గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు లేరు, బొగ్గు లేక కరెంటు లేదు. హైటెక్ సిటీ అద్దాల మేడలు మాత్రం బయట ఏమీ జరగనట్టు లైట్లు వేసుకుని కూర్చున్నాయి. బంద్ పిలుపు వస్తే చాలు, ముందు రోజే బట్టలు సర్దుకుని ఆఫీసుకొచ్చి, ఆ స్టోర్ రూమ్ చాపలే పరుచుకుని పడుకునేవాళ్లు కొందరు. తెల్లారకముందే క్యాబుల్లో జారుకుని వచ్చేవాళ్లు కొందరు. ప్రవీణ కూకట్‌పల్లి నుంచి అలాగే వచ్చేది.

ఆమెది హెల్ప్‌డెస్క్. ప్రింటర్ కదలకపోయినా, మెయిల్ తెరుచుకోకపోయినా ఆ ఫ్లోర్‌లో మోగేది ఆమె ఫోనే. సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఆ ఫోన్‌కి ఒకటే రోగం. బంద్ రోజున మెయిల్ పనిచెయ్యదు. మామూలు రోజున అంతా బాగుంటుంది. అదైనా అందరికీ ఆగిపోతే ఒక దారి. ఒకరికి పనిచేస్తుంది, పక్కవాళ్లకి చెయ్యదు. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడితే మళ్లీ అడుగుతుంది, మళ్లీ కొడితే మళ్లీ అడుగుతుంది. అకౌంట్స్ జయలక్ష్మికి తన సీట్లో మెయిల్ రాదు, రెండు కుర్చీలు జరిగి కూర్చుంటే వస్తుంది. "నా సీటుకి వాస్తు బాలేదు ప్రవీణా, మార్పించు," అని ఆవిడ నిజంగానే అడిగింది. పంపిన మెయిళ్లు కొన్ని వెళ్లినట్టే కనిపించి ఎవరికీ చేరలేదు. ప్రవీణ వైర్లు మార్చింది, పాస్‌వర్డ్‌లు మార్చింది, సర్వర్‌ని ఆపి మళ్లీ వేసింది. బంద్ ముగిసి తెల్లారేసరికి అన్నీ వాటంతటవే బాగయ్యేవి. ఆమె బాగు చేసినందుకు కాదని ఆమెకి తెలుసు.

ఆ సంగతే అడ్మిన్ మేనేజర్ శ్యామ్‌తో ఒక్క మాట అంది: "బంద్ రోజుల్లోనే మెయిల్ ఆగిపోతోందండీ."

శ్యామ్‌కి రెండో మాట అక్కర్లేకపోయింది. హెల్ప్‌డెస్క్‌లో ఆమె కింద పనిచేసే మొగిలిది జనగామ పక్క పల్లె. సెలవు పెట్టి మరీ ర్యాలీలకి వెళ్తాడు. ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడతాడు. సర్వర్ల సంగతి తెలుసు. ఇంకేం కావాలి? ఈ రోజు కూడా బంద్; పొద్దున మెయిల్ ఆగిపోగానే శ్యామ్ వచ్చి మొగిలి మెడలోని ఐడీ కార్డు తీసేసుకున్నాడు. చిన్న మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి తలుపు దగ్గర సెక్యూరిటీ ఐలయ్యని నిలబెట్టాడు. పోలీసు కేసు పెట్టమని హెడ్డాఫీసుకి ఫిర్యాదు టైపు చేశాడు.

ఆ ఫిర్యాదు మాత్రం పోలేదు. పాస్‌వర్డ్ అడిగింది. కొడితే మళ్లీ అడిగింది.

"మెయిల్ రానివ్వండి ప్రవీణగారూ," అన్నాడు శ్యామ్ లాప్‌టాప్ మూసేస్తూ. "ఈ ఫ్లోర్ నుంచి పోయే మొదటి మెయిల్ ఇదే."

తరవాత కరెంటు పోయింది. డీజిల్ పొదుపు కోసం జనరేటర్‌ని కంప్యూటర్ల లైనుకే ఇచ్చారు. స్టోర్ రూమ్, టీ మెషీన్, కారిడార్ లైట్లు ఆగిపోయాయి. ఆ క్షణంలోనే జయలక్ష్మి అరిచింది, "వచ్చేసింది! నా మెయిల్ వచ్చేసింది!" ఫ్లోర్ అంతా చప్పట్లు.

కరెంటు పోతే మెయిల్ రావడమేమిటి?

బుర్ర తిరిగిపోయింది ప్రవీణకి. కాసేపటికి తట్టింది. కరెంటుతో పాటు ఆగిపోయినదేదో ఇంతసేపూ మెయిల్‌ని ఆపుతోంది. టీ మెషీన్ ఆపలేదు, లైట్లు ఆపలేవు. మిగిలింది స్టోర్ రూమ్. అలా వచ్చి, దుప్పట్లు ఎత్తి, చెయ్యి వేసింది.

ఇప్పుడు అర్థమైంది. సగమే అర్థమైంది. ఏడాది కిందట కొత్త సర్వర్ కొన్నప్పుడు, అందరి కంప్యూటర్లలో సెట్టింగులు మార్చే పని లేకుండా పాతదాని నెట్‌వర్క్ నంబరే కొత్తదానికి ఇచ్చారు. పాతది ఆగిపోయింది కదా, గొడవేముంది? కానీ పాతదాన్ని కూడా తగిలిస్తే ఒకే నంబరుకి ఇద్దరు పలుకుతారు. ప్రవీణ వాళ్ల కేపీహెచ్‌బీ కాలనీలో కొరియర్ కుర్రాడు ఎల్ఐజీ ఇళ్ల వరసలో ఇవ్వాల్సిన కవరు అదే నంబరున్న ఎంఐజీ వరస ఇంట్లో ఇచ్చిపోతాడు చూడండి, అచ్చం అలాగే. కొత్త సర్వర్‌కి తగిలినవాడి మెయిల్ పోతుంది. పాతదానికి తగిలినవాణ్ని అది "నువ్వెవరు?" అని పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది.

ఎలా అన్నది తెలిసింది. ఎవరు అన్నది తెలియలేదు. ఈ గదికి తాళం వెయ్యరు. బంద్ రోజుల్లో దిండు కోసం ఈ ఫ్లోర్‌లో రానివాళ్లు లేరు.

అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చింది. మెయిల్ వచ్చేసింది. శ్యామ్ బయట ర్యాలీ వస్తోందని గేటు మూయించడానికి కిందికి వెళ్లాడు. పైకొచ్చి లాప్‌టాప్ తెరిచాడా, మొగిలి పని అయిపోయినట్టే.

*

మీటింగ్ రూమ్ తలుపు దగ్గర ఐలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాపలా కాస్తున్నవాడిలా లేడు, తనకే శిక్ష పడినవాడిలా ఉన్నాడు.

"లోపటికి ఎవర్ని పోనియ్యద్దన్నడు మేడం శ్యామ్ సారు."

"నేను వాడి టీమ్ లీడ్‌ని ఐలయ్యా."

"పోండ్రి మరి. నేను లోపటున్న పిలగానికి రెండు సార్లు చాయ్ తెచ్చిచ్చిన, గా ముచ్చట మాత్రం ఎవలకు చెప్పకుండ్రి."

మొగిలి కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ప్రవీణని చూసి నవ్వాడు. ఆ నవ్వులో చేదే ఎక్కువ.

"రా అక్కా. నువ్వు గూడ ఫొటో తీస్కపోనీకి వచ్చినవా? శ్యామ్ సారు నా ర్యాలీ ఫొటోలు మస్తు జమచేసిండు. పెండ్లి ఆల్బం చెయ్యొచ్చు."

"ఎగతాళి తరవాత. స్టోర్ రూమ్‌లో పాత సర్వర్ ఉంది చూడు, దాన్ని ఎవరో వైరు తగిలించి ఆన్ చేశారు. దుప్పట్ల కింద. మెయిల్‌ని ఆపుతున్నది అదే."

మొగిలి నిటారుగా లేచాడు. "ఏందీ? గా డబ్బానా? అది ఇంక బతికే ఉన్నదా?"

ప్రవీణ అతని మొహంలోకి చూసింది. ఆశ్చర్యం నిజంలాగే ఉంది. కానీ నిజంలా ఉన్నవన్నీ నిజమేనని ఈ నెలంతా చూశాక నమ్మబుద్ధి కావడం లేదు.

"నువ్వేనా మొగిలీ?"

అడిగేశాక నాలుక కరుచుకుంది. మొగిలి కుర్చీని ముందుకి లాక్కున్నాడు.

"అక్కా, బంద్ అంటే ఏంది?" అన్నాడు. "ముందుగాల చెప్తం. మైకుల చెప్తం, గోడ మీద రాస్తం, దుకాణపాయనకు దండం బెట్టి చెప్తం, రేపు జర తెరవకు అన్నా అని. చెప్పకుంట చేస్తే అది బంద్ ఎట్లయితది? నాకు మెయిల్ బంద్ చెయ్యాల్నని ఉంటే, ఫ్లోర్ నడుమల నిలబడి స్విచ్ పీకి, జై తెలంగాణ అని, పోయి గేటు కాడ కూసుంటుంటి. దుప్పట్ల కింద దాసిపెట్టి చేసేదాన్ని బంద్ అనరు. దొంగతనం అంటరు."

ప్రవీణకి ఇల్లు గుర్తొచ్చింది. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ నాన్న వెంకటరామయ్య పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుని "మనం ఉంటామో, పొమ్మంటారో" అని గొణుగుతుంటాడు. ఆ మాట ఒకసారి మొగిలితో అంటే, "మిమ్ముల పొమ్మన్నదెవరు అక్కా? మీరు పోతే నా లీవులు ఎవరు సాంక్షన్ చేస్తరు?" అని నవ్వేశాడు. అలాంటివాడి మీద అనుమానం రావడానికి తను అన్న ఒక్క వాక్యం చాలింది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని వాక్యాలు కావాలో తెలియడం లేదు.

"కేసు పడితే తెలుసుగా," అంది మెల్లగా.

"తెల్వకేంది? ఉద్యమం కేసైతే మా ఊళ్లె దండేస్తరు. కంపెనీని ముంచిండన్న కేసైతే ఏ కంపెనోడు గేటు కాడికి గూడ రానియ్యడు. ఫికర్ నాకు గదే." ఆమె వైపు వంగాడు. "సరే, ఇంకేమన్న కనవడ్డదా ఆడ? చెయ్యి గుర్తు, చెప్పు గుర్తు?"

"ఏం లేదు. వైర్లు. దుప్పట్లు. మీద బొట్టు..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"బొట్టా?" మొగిలి పకపకా నవ్వాడు. "మూలకు పడ్డ డబ్బాకు బొట్టు ఎవరు పెట్టిన్రు అక్కా? ఏడాది కింది ఆయుధపూజదా?"

"కాదు. ఏడాది కిందట అది అసలైన సర్వర్‌గా సర్వర్ రూమ్‌లో ఉంది. స్టోర్‌కి మార్చేటప్పుడు నేనే తుడిపించాను. ఇది మొన్నటిది. గంధం ఇంకా పొడిపొడిగా రాలుతోంది."

"మొన్న ఆయుధపూజకు నేను లేను. సద్దుల బతుకమ్మకు ఊరికి పోయి, దసరా చేసుకొనే వచ్చిన. ఎవరు చేసిన్రు పూజ?"

ప్రవీణ తలుపు వైపు చూసింది.

పూజ చేసింది శ్రీనివాసులు సార్. ఆ ఫ్లోర్‌లో అందరికంటే పెద్ద ప్రాజెక్టుకి మేనేజర్. ప్రొద్దుటూరు మనిషి. ఏటా ఆయుధపూజ ఆయన చేతి మీదే జరగాలి. షూస్ విప్పి, ప్యాంటు మడిచి, పళ్లెంలో గంధం, కుంకుమ, పూలు పెట్టుకుని ప్రతి కంప్యూటర్ దగ్గరికీ వెళ్తాడు. మిగతావాళ్లు పసుపు రాసి కుంకుమ పెడితే, ఆయన మాత్రం ముందు గంధం చుక్క పెట్టి, దాని మీద కుంకుమ అద్దుతాడు. మొన్న కూడా అంతే. జయలక్ష్మి నవ్వుతూ, "సార్, చెడిపోయిన ఈ ప్రింటర్‌కి కూడా పెట్టండి, పాపం," అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పని చేసేదానికేనమ్మా ఆయుధపూజ. పని చెయ్యని దానికి ఎందుకు?"

పని చేసేదానికే!

అందరిచేతా పని చెయ్యదనిపించుకుంటున్న మెషీన్ ఒకటి తనకి పని చేస్తోందని ఈ ఫ్లోర్‌లో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి భక్తిగలవాడు. ఎంత రహస్యమైనా, తనకి పనికొచ్చిన పనిముట్టుకి ఆ రోజున బొట్టు పెట్టకుండా ఉండలేకపోయాడు.

అయినా అర్థం కాలేదు. మెయిల్ ఆగితే అందరికంటే ముందు మునిగేది ఆయన ప్రాజెక్టే. తన ఇంటికి తనే ఎవరైనా నిప్పు పెట్టుకుంటారా? పైగా మొగిలిని ఇంటర్వ్యూ చేసి, "ఈ పిల్లోడు చానా బాగుండాడు," అని తీసుకున్నది కూడా ఆయనే.

"ఎవరక్కా?" అడుగుతున్నాడు మొగిలి. "గట్ల తెల్లబోయినవేంది?"

"ఇక్కడే ఉండు," అని బయటికి వచ్చేసింది.

"ఇంకెటు పోత?" అన్న మాట వెనక నుంచి వినపడింది.

*

శ్రీనివాసులు క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. ఫోన్‌లో క్లయింటుతో మాట్లాడి అప్పుడే పెట్టేసినట్టున్నాడు. మొహంలో అలసటా ఉంది, ఏదో గండం గడిచిన నిమ్మళమూ ఉంది.

"రామ్మా ప్రవీణా. మెయిల్ వచ్చిందంట కదా. మంచి పని చేసినావు. కూర్చో. మా ఆవిడ ఓళిగలు పంపించింది, తిను."

"మెయిల్ నేను తెప్పించలేదు సార్. కరెంటు పోయి వచ్చింది."

డబ్బా మూత తీస్తున్న ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. "అట్లనా? విచిత్రంగా ఉండాదే."

"స్టోర్ రూమ్‌కి వెళ్లాను. పాత సర్వర్ వెచ్చగా ఉంది."

"యాడిది? ఓ, అదా? దాన్ని స్క్రాపుకి ఇచ్చెయ్యమని నేను ఎప్పుడో చెప్పినా."

"లేదు సార్. స్క్రాపుకి ఇస్తానంటే వద్దన్నది మీరే. ట్రైనింగ్‌కి పనికొస్తుందన్నారు."

శ్రీనివాసులు నవ్వాడు. చిన్నపిల్ల తప్పు లెక్క చేసి తెస్తే నవ్వినట్టు. "అయితే అన్నానేమో. యాభై దాటినాక అన్నీ యాడ గుర్తుంటాయమ్మా. మొగిలి దాన్ని ఆన్ చేసినాడంటావా?"

"నేను మొగిలి పేరు ఎత్తలేదు సార్."

శ్రీనివాసులు డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. ప్రవీణ మనసు వెనక్కి లాగింది. తను పొరపాటు పడి ఉంటే? బొట్టు ఇంకెవరైనా పెట్టి ఉంటే? ఎదురుగా ఉన్నది తన అప్రైజల్ రాసే మనిషి. ఏడిస్తే ఓదార్చే మనిషి కూడా. ఈయన అలాంటి పని చెయ్యడని తన మనసులో సగం వాదిస్తోంది. మిగతా సగం ఆ గంధం చుక్కనే చూస్తోంది.

"దానికి బొట్టు పెట్టి ఉంది సార్. గంధం మీద కుంకుమ."

ఆయన డబ్బా పక్కకి జరిపాడు. కుడిచేతి ఉంగరపు వేలిని బొటనవేలితో రుద్దుకున్నాడు, అక్కడింకా కుంకుమ అంటుకుని ఉందేమో అన్నట్టు.

అప్పుడే శ్యామ్ వచ్చాడు. లాప్‌టాప్ చంకలో, చెమట నుదుటి మీద.

"ఏం జనమండీ బాబూ బయట! గేటు మూయించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. సార్, మెయిల్ వచ్చేసిందటగా? మీ ముందే పంపించేద్దామని వచ్చాను. ఆ పోర్టు ఖాళీయేనా?" జవాబు కోసం ఆగకుండా గోడ దగ్గరున్న వైరు లాప్‌టాప్‌కి గుచ్చి మూత ఎత్తాడు. "హెడ్డాఫీసుకి పంపుతున్నాను. క్లయింటుకి కూడా కాపీ పెట్టాను సార్. బంద్‌ల వల్ల మన పని ఆగింది, ఆపినవాణ్ని మేం పట్టుకున్నాం అని వాళ్లకీ తెలియాలి కదండీ."

శ్రీనివాసులు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. ఓళిగల డబ్బా బల్ల మీద నుంచి దొర్లింది.

"వద్దు! క్లయింటుకి వద్దు! క్లయింటు పేరు తీసెయ్ శ్యామ్!"

"అయ్యో, నొక్కేశాను సార్. పోతోంది." శ్యామ్ స్క్రీన్ వైపు చూశాడు. "మొగిలిగాడి ఫొటోలన్నీ తగిలించాను కదా, కాస్త బరువు. మెల్లగా పాకుతోంది."

స్క్రీన్ మీద మెయిల్ ఎంత పోయిందో చూపే నీలం గీత సగం దాటింది.

హెల్ప్‌డెస్క్‌లో చేరిన నాటి నుంచి ప్రవీణ చేసిన పని ఒక్కటే, తెగిన కనెక్షన్లు కలపడం. జీవితంలో మొదటిసారి ఆమె బల్ల మీదికి వంగి, శ్యామ్ లాప్‌టాప్‌కున్న వైరు పట్టుకుని, ఒక్క గుంజు గుంజింది.

గీత ఆగిపోయింది.

"ఏంటండీ ఇది! మతి గాని పోయిందా మీకు?" శ్యామ్ గొంతు ఫ్లోర్ అంతా వినపడింది. తలలు లేచాయి. మీటింగ్ రూమ్ తలుపు తెరుచుకుని, గుమ్మంలో ఉన్న ఐలయ్య భుజం మీదుగా మొగిలి తొంగిచూశాడు.

ప్రవీణ శ్యామ్ వైపు చూడలేదు. వైరు చేతిలోనే ఉంది.

"సార్," అంది శ్రీనివాసులుతో. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "క్లయింటు పేరు తీసెయ్యమన్నారు. మొగిలి పేరు తీసెయ్యమనలేదు."

శ్రీనివాసులు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. చూస్తుండగానే మొహంలో కళ తప్పింది. శ్యామ్ ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "ఎవరైనా నాకు అర్థమయ్యేట్టు చెప్తారా?" అన్నాడు. ఇంతలో మొగిలి గుమ్మం దాకా వచ్చేశాడు. ఆపాల్సిన ఐలయ్య కూడా అతని వెనకే వచ్చి నిలబడ్డాడు.

శ్రీనివాసులు కుర్చీలో కూర్చోలేదు. గుమ్మంలో ఉన్న మొగిలిని చూస్తూ మొదలుపెట్టాడు.

"చేసింది నేనే. నేనొక్కణ్నే. ఎవురూ చెయ్యమనలేదు.

"మొదటిసారి తెలియక చేసినాను. సమ్మె మొదలైనప్పుడు పాత మెయిల్ ఏదో కావాల్సి వచ్చి ఆ మెషీన్‌కి వైర్లు తగిలించి ఆన్ చేస్తి. ఫ్లోర్ అంతా మెయిల్ పడిపాయ. నాకు చెమటలు పట్టె. క్లయింటుకి ఫోన్ చేసి, సర్వర్ పాడైంది, పని రెండు రోజులు ఆలస్యమైతుంది అని చెప్తి. వాళ్లు ఒక్క మాట అనలే. పర్వాలేదు, బాగు చేసుకోండి అనిరి. అంతకు ముందొకసారి బంద్ వల్ల ఆలస్యమైంది అంటే ఏమన్నారో తెలుసునా శ్యామ్? ఇంకొక్కసారి ఆ మాట వింటే పని మొత్తం పుణెకి పంపిస్తాం అన్నారు. మెషీన్ పాడైతే వాళ్లకి అర్థమైతాది. ఊరు ఊరంతా వీధిలో నిలబడితే అర్థం కాదు.

"అప్పటి నుంచి బంద్ వచ్చినప్పుడల్లా పొద్దున్నే పోయి దుప్పట్ల కింద చెయ్యి పెట్టి స్విచ్ వేస్తాండా. సగం మంది రాలేని రోజున పని ఎట్ల పూర్తయితాది? బంద్ అని చెప్పలేను, సర్వర్ అని చెప్పినా. ఈ ఫ్లోర్‌లో ఉన్న అందరి పొయ్యిలూ వెలగాలనే చేసినా. మొగిలీ, నీది కూడా.

"నిన్ను అనుమానిస్తారని అనుకోలేదు నాయనా. మెయిల్ పోతే మెషీన్‌ని అనుమానిస్తారనుకుంటి. మెషీన్ కంటే ముందు మనిషిని అనుమానించే కాలం వచ్చిందని నాకు తట్టలే. పొద్దున నీ మెడలో కార్డు తీసుకుంటుంటే ఈ అద్దంలో నుంచి చూస్తా ఉంటి. లేచి రావాల. రాలేదు. ఈ రోజు గడిస్తే నీ సంగతి ఎట్లనో సర్దొచ్చు అనుకుంటి. ఆ అనుకోవడానికి మాత్రం నా దగ్గర సాకు లేదు.

"శ్యామ్, ఆ మెయిల్‌లో వాని పేరు కొట్టేసి నా పేరు రాయి. హెడ్డాఫీసుకి పంపు. క్లయింటుకి కూడా కాపీ పెడతావా, పెట్టు. కాకపోతే వాళ్లు అది చదివిన రోజున ఈ ప్రాజెక్టు ఉండదు, ఈ ఫ్లోర్‌లో ఇన్ని కుర్చీలూ ఉండవు. అది తెలిసి పంపు. ప్రవీణమ్మా, ఆ వైరు నీ చేతిలోనే ఉండాది, అది పెడితేనే మెయిల్ పోయేది. పెడతావో, పెట్టవో... నువ్వు ఏది చేసినా నేను అబద్ధం మాత్రం ఇంక చెప్పను."